క్యాబేజీ ఉడికిన నీళ్ళు

డాక్టర్ ఈనిడ్ ట్రెథోవన్ గారి కళ్ళెదుట కూరగాయలు ఉడికిన నీళ్ళు ఎవరూ పారబోయడానికి వీల్లేదు. ఒక పెళ్ళి విందులో ఆమె వంటింట్లోకి దూరి, పెళ్ళికూతురి తల్లి చేతిలోని బంగాళాదుంపల గిన్నె లాక్కున్నారు. "బి విటమిన్లన్నీ నీళ్ళలోకి దిగిపోతాయమ్మా. చుట్టాలకి పిప్పి పెట్టి, సారం తూముకి పోస్తున్నారు" అని మందలించారు. ఆ పెళ్ళి ఫొటోలో వధువు చేతిలో పూలుంటాయి, పక్కన ఈమె చేతిలో ఫ్లాస్కు ఉంటుంది.

దక్షిణ ఆస్ట్రేలియా తీరంలోని పరిశోధన క్షేత్రంలో నేను ఆరేళ్ళు ఆమె సహాయకుణ్ణి. అక్కడి ఇసుక నేలల్లో గొర్రెలు కడుపునిండా మేసి కూడా చిక్కిపోయేవి. గడ్డిలో కోబాల్టు చాలక వాటి పొట్టలో బి-పన్నెండు విటమిన్ తయారయ్యేది కాదు. నలభై గొర్రెలను వారం వారం తూచి, పుస్తకంలో ఎక్కించడం మా పని.

ఆమెకు దీటైన ప్రత్యర్థి మెస్సు వంటవాడు క్లారీ పెంగిలీ. రంగు పోకూడదని క్యాబేజీలో వంటసోడా వేసి గంటన్నర ఉడికించేవాడు. ఆ చలికాలం అతని చేతిలోంచి పళ్ళేలు జారసాగాయి. గడప దాటబోయి తూలేవాడు.

"తాగుతున్నాడు" అని తేల్చేశాడు సూపరింటెండెంటు. "ఉన్ని కత్తిరించేవాళ్ళు వచ్చేలోగా బాగుపడకపోతే పంపించేస్తాను."

సరిగ్గా ఆ వారమే ట్రెథోవన్ గారు యుద్ధం ప్రకటించారు. వడకట్టిన క్యాబేజీ నీళ్ళు ఒక గ్లాసెడు మెస్సు బల్ల మీద పెట్టారు.

"రెండు వందల మిల్లీలీటర్లు. నువ్వు వండిన మొత్తం తిండిలో లేని బలం ఇందులో ఉంది, పెంగిలీ."

"మా తాత గనిలో తొడిగిన బూట్లు కడిగిన నీళ్ళు ఇంతకంటే నయం, డాక్టరమ్మా."

"తాగకుండానే తెలిసిందా?"

క్లారీ గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. "ఏమీ లేదు."

"ఒక్కరోజుతో తేలదు."

"తొంభై రోజులు తాగుతా. ఇందులో ఏమీ లేదని మీ చేతే రాయిస్తా."

"తొంభై. అందరూ విన్నారుగా."

నాకు ఒక్కటే మింగుడు పడలేదు. క్లారీ గిన్నెలోని నీళ్ళను నేను మూడుసార్లు పరీక్షించాను. సోడా దెబ్బకు థయమిన్, అంటే బి-ఒకటి విటమిన్, ఆనవాలు కూడా మిగలలేదు. ఆ మాటే చెబితే, "నీ పని గొర్రెలు" అన్నారామె, తల ఎత్తకుండా.

ఏడో వారం ఉన్ని కత్తిరించే పన్నెండుమంది దిగారు. సూపరింటెండెంటు గుమ్మం పక్కనే కాపు కాశాడు. క్లారీ పన్నెండు గిన్నెల సూపు ఒకే పళ్ళెంలో ఎత్తుకుని గడప దాటాడు. చుక్క తొణకలేదు.

"మానేశాడన్నమాట" అని సూపరింటెండెంటు వెళ్ళిపోయాడు.

వార్షిక నివేదికకు లెక్కలు ఎక్కిస్తుంటే పుస్తకంలో ఆమె చేతిరాతతో నలభై ఒకటో నంబరు కనిపించింది. "మగ. వయసు యాభై ఎనిమిది. పాదాలు తిమ్మిరి. భార్య పోయినప్పటినుంచి టీ, తెల్ల రొట్టె తప్ప ముట్టడు. తాగుడు కాదు, థయమిన్ లోపం. జాలి చూపితే తలుపేసుకుంటాడు. పందెం కాస్తే తాగుతాడు. థయమిన్ కోసం గ్లాసుకు రెండు చెంచాల ఈస్టు." చివరి పంక్తి: "గడప దాటాడు."

నేను వంటింటికి వెళ్ళి, ఆ నీళ్ళ రుచి ఎలా ఉంటుందని క్లారీని మెల్లగా అడిగాను.

"ముప్పై ఏళ్ళ వంటవాణ్ణి బాబూ. క్యాబేజీ నీళ్ళలో ఈస్టు కలిపితే పట్టుకోలేనా? మొదటి గుక్కలోనే తెలిసింది."

"మరి రోజూ ఏమీ లేదంటావేం?"

"ఉందంటే ఆవిడ గెలిచి ఊరుకుంటుంది. ఇన్నాళ్ళూ తన గదిలో ఒక్కతే బిస్కెట్లు నమిలేది. ఇప్పుడు నాతో పోట్లాడ్డానికైనా వచ్చి, కూర్చుని నాలుగు ముద్దలు తింటోంది."

తొంభై రోజులు దాటి అప్పటికి పదకొండు రోజులు. భోజనం గంట మోగింది. ఫ్లాస్కు పట్టుకుని వరండాలో ఆమె వస్తున్నారు. క్లారీ నవ్వు ఆపుకుని, మొహం చిరాగ్గా పెట్టుకున్నాడు.

"తెచ్చారా మురికినీళ్ళు?"