చర్చిలో సగంలో ఆగిపోయిన మా బాబాయ్ పద్యం

నిన్న పొద్దున్నే పిన్ని ఫోన్ చేసి "మీ బాబాయ్ లేవట్లేదే" అంటే నేను నమ్మలేదు.

నిజంగా నమ్మలేదు.

స్టేజీ మీద ఆయన చచ్చిపోవడం చాలాసార్లు చూశాను. ముందు వరసలో ఆడవాళ్లు ఏడుస్తుంటే, పడి ఉన్న మనిషి ఒక కన్ను కొంచెం తెరిచి నా వైపు చూసేవాడు. అందుకే నిన్న ఇంట్లోకి వెళ్లాక కూడా ఆ కంటి వైపే చూస్తూ నిలబడ్డాను.

తెరవలేదు.

మా నాన్న తమ్ముడు ప్రభుదాసు. రాజమండ్రి పక్కన మా ఊళ్లో అందరికీ నాటకాల ప్రభుదాసు. ఆదివారం చర్చిలో క్వయర్‌తో కలిసి పాటలు. తిరనాళ్లు వస్తే స్టేజీ మీద ఎక్కువగా దేవుడి వేషం. కిరీటం, మొహానికి నీలం రంగు, ఊపిరి ఆపకుండా రాగాలు.

ఇంకేం, రెండు వైపులా అనుమానమే.

కోరుకొండ దగ్గర ఒక ఊళ్లో నాటకం. దేవుడి వేషం కట్టేవాళ్లు ఆ రోజు నీచు ముట్టరు. బాబాయ్ కూడా ముట్టేవాడు కాదు. కానీ నాటకం పెట్టించిన గుడి కమిటీ వాళ్లకి నమ్మకం కుదరలేదు. సాయంత్రం మేకప్ వేసుకుంటుంటే ఒకాయన వచ్చి బాబాయ్ క్యారేజీ చుట్టూ తచ్చాడుతున్నాడు.

"మూత తీసి చూసుకోండి బాబూ, మొహమాటం దేనికి? వంకాయ కూరండి. మా ఆవిడ ఉప్పు మర్చిపోయింది, అదొక్కటే పాపం" అన్నాడు బాబాయ్.

ఆ పెద్దమనిషి నిజంగానే మూత తీసి చూశాడు! నాకు ఒళ్లు మండిపోయింది. బాబాయ్ మాత్రం నవ్వి, కనుబొమలు దిద్దుకున్నాడు.

ఇటు చర్చిలో శామ్యూల్ గారు. మా సంఘ పెద్ద. "అక్కడ ఆ వేషం కట్టిన మనిషి ఇక్కడ స్తుతి పాటలు ఎలా పాడతాడండి?" అని పది మందిలో అనేసేవారు.

ఆ మాటకొస్తే నాకూ అనుమానమే. నా బుద్ధే అంత. కూరగాయల బండి మీద త్రాసుని కూడా నమ్మను. ఒకసారి నిలదీశాను కూడా. "బాబాయ్, నిజం చెప్పు. నువ్వు నమ్మేది ఎవర్ని?"

"ఏసయ్యనే అమ్మా. కానీ వేషం కట్టాక ఆ వేషాన్ని నమ్మకపోతే, ముందు కూర్చున్న ముసలమ్మకి తెలిసిపోద్ది. ఆవిడ దణ్ణం పెట్టుకుంటది కదా. ఆవిణ్ణి మోసం చెయ్యకూడదు."

అప్పుడు తప్పించుకున్నాడనే అనుకున్నాను.

మా చర్చిలో డిసెంబర్ చివరి ఆదివారం సాక్ష్యాలు చెబుతారు. ఏడాదంతా దేవుడు ఎలా నడిపించాడో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. పోయినేడు బాబాయ్ మైక్ పట్టుకున్నాడు.

"అక్కడోళ్లు నన్ను ఇక్కడోడంటారు. ఇక్కడోళ్లు అక్కడోడంటారు. పాట మొదలెట్టాక మాత్రం రెండు చోట్లా ఒకేలా తల ఊపుతారండి. ఈ ఏడాది నాకు దేవుడు చూపించింది అదే" అన్నాడు.



అక్కడితో కూర్చుంటే సరిపోయేది. కానీ ఆయన కూర్చుంటాడా? సాక్ష్యానికి పద్యం కట్టాడు. మొదటి రెండు పాదాలు గడిచిన ఏడాదికి కృతజ్ఞత. తర్వాతి రెండూ వచ్చే ఏడాదికి ప్రార్థన అని ముందే చెప్పాడు. కళ్లు మూసుకుని రాగం అందుకున్నాడు.

రెండో పాదం అయ్యేసరికి వెనక బెంచీ నుంచి "వన్స్ మోర్!"

నాటకాల్లో హార్మోనియం వాయించే సత్యనారాయణ గారు. బాబాయ్ కోసం వచ్చి, ఎక్కడున్నారో మర్చిపోయారు పాపం.

వన్స్ మోర్ పడితే నాటకాల వాడు ఏం చేస్తాడు? మొదటికొస్తాడు. బాబాయ్ కూడా అలవాటు కొద్దీ మళ్లీ మొదటి పాదం ఎత్తుకున్నాడు. పిల్లలు ఈల వేశారు. శామ్యూల్ గారు లేచి "ఇంక చాలండి, కూర్చోండి" అన్నారు.

కూర్చున్నాడు.

జనవరి నుంచి క్వయర్‌లో చోటు లేదు. ఎవరూ కారణం చెప్పలేదు. వచ్చే ఆదివారం మళ్లీ సాక్ష్యాలు. ఈసారి మైక్ ఇస్తారా ఇవ్వరా అని పిన్నిని అడుగుతూనే ఉన్నాడట.

నిన్న షామియానా కింద సంఘ పెద్దలు గుసగుసలాడుతుంటే నాకు అర్థమైపోయింది అనుకున్నాను. సమాధుల తోటలో చోటు లేదంటారు. అడగాల్సినవన్నీ నోట్లో సిద్ధం చేసుకున్నాను.

అనుకున్నట్టే శామ్యూల్ గారు వచ్చారు. "ఒక్క మాటమ్మా."

చెప్పండి అన్నాను, చేతులు కట్టుకుని.

"పోయినేడు మీ బాబాయ్ పద్యం మధ్యలో ఆపించేశాను కదమ్మా. వచ్చే ఏడాదికి దేవుణ్ణి ఏం అడుగుదామనుకున్నాడో... ఆ మిగతా ముక్క మీలో ఎవరికన్నా వచ్చా? అది పాడించి సాగనంపుదామని."

ఆయన మొహంలోకి చాలాసేపు చూశాను. ఎక్కడైనా నటన దొరుకుతుందేమోనని వెతికాను.

దొరకలేదు.

సత్యనారాయణ గారిని అడిగాం. తల అడ్డంగా ఊపారు. "అప్పటికప్పుడు కట్టిందండి. ఆయనొక్కడికే తెలుసు." పిన్నికీ రాదు. ఎవరికీ రాదు.

ఇవాళ పొద్దున్న సమాధుల తోటలోనే పెట్టాం. శామ్యూల్ గారే హార్మోనియం తెమ్మన్నారు. సత్యనారాయణ గారు మొదటి రెండు పాదాలూ పాడి ఆగిపోయారు.

కాసేపు హార్మోనియం ఒక్కటే మోగింది. కమిటీ వాళ్లూ, చర్చి వాళ్లూ అందరూ ఏడుస్తున్నారు. నేను ఒక్కొక్కరి మొహం చూశాను, నా బుద్ధి ఎక్కడికి పోతుంది. ఒక్కరి మీద కూడా అనుమానం రాలేదు.

వెళ్లిరా బాబాయ్. ఇక ఎవరికీ ఏ రుజువూ చూపించక్కర్లేదు. ఏసయ్య ఒడిలో హాయిగా, ప్రశాంతంగా పడుకో.