మీ ఇష్టం కొన్న ఫ్యాన్

ఆ ఆరంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపే పెద్దమనిషిని అందరూ ‘మీ ఇష్టం’ అనే పిలుస్తారు. కన్నవాళ్ళు ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి ఇంకెవరినో అనుకుంటాడు. ఏమడిగినా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే. టీ తెమ్మంటారా కాఫీయా అని క్యాంటీన్ ఆవిడ అడిగితే, మీ ఇష్టం. కొత్త యూనిఫాం నీలమా బూడిద రంగా అని మేనేజరు అడిగితే, మీ ఇష్టం. పొద్దస్తమానం ఎక్కినవాళ్ళు చెప్పిన అంతస్తుకల్లా తిరిగే మనిషికి సొంత ఇష్టం ఎక్కడేడిసిందని ఆయన వాదన. ఆ వాదన కూడా సొంతం కాదు, ఎవరో లిఫ్టులో అంటుంటే పట్టుకున్నది.

ఇంట్లో ఈ అలవాటును ఆయన భార్య చాలాకాలం నవ్వుతూనే భరించింది. ఆవిడ బట్టలు కుడుతుంది. వెనక గదిలో కిటికీ కింద మిషను, మధ్యలో బట్టలు కత్తిరించే బల్ల, మూలన ఇస్త్రీపెట్టె. వేసవి వచ్చిందంటే ఆ గది కుంపటే. పైన ఫ్యాన్ ఒకటి ఉంది గానీ, ఉన్న వేడినే గిరగిరా తిప్పి మళ్ళీ నెత్తిన పోయడం తప్ప అది చేసేదేమీ లేదు. మొన్నొక మధ్యాహ్నం ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఆవిడ కళ్ళు తిరిగి బల్ల మీదికి ఒరిగిపోయింది. కొలతలివ్వడానికి వచ్చిన పక్కింటావిడ ముఖాన నీళ్ళు కొట్టింది కాబట్టి సరిపోయింది. ఆ సమయంలో చేతిలో ఉన్నది కాలుతున్న ఇస్త్రీపెట్టె అని తలుచుకుంటే మీ ఇష్టానికి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

విషయం ఊరికి అటు చివరనున్న భార్య అక్కకు తెలిసింది. ఆవిడది నాలుగు వైపులా కిటికీలున్న ఇల్లు, దానికి తగ్గ నోరు. “ఆ కొలిమిలో ఎందుకే చావడం? మిషను తెచ్చుకుని మా ముందుగదిలో వేసుకో, ఇక్కడే ఉండి కుట్టుకో” అని ఫోన్ చేసింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర భార్య ఆయన్ని అడిగింది.

“అక్క రమ్మంటోంది. వెళ్ళనా?”

“నీ ఇష్టం” అన్నాడాయన.

అది ఆయన లెక్కలో పెద్ద మర్యాద. పెళ్ళాం మీద పెత్తనం చేసే రకం కాదని పదిమందిలో చెప్పుకోదగ్గ మాట. ఆవిడ ముఖం ఎందుకలా మాడిపోయిందో, కంచం ఎందుకంత చప్పుడు చేస్తూ తీసిందో ఆయనకు బోధపడలేదు.

మర్నాడు పొద్దున ఆయన చెప్పులేసుకుంటుండగా ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “ఆదివారం అక్క బండి తీసుకుని వస్తానంది, మిషను ఎక్కించడానికి. ఈలోగా ఆ కిటికీకి ఒక ఫ్యాన్ పెట్టిస్తే అప్పుడు చూద్దాం.”

“ఎలాంటిది పెట్టించమంటావు?”

“మీ ఇష్టం.”

ఇన్నేళ్ళుగా లోకానికి తాను పంచిపెట్టిన మాట తనమీదికే రావడం అదే మొదటిసారి. వీధిలోకి వచ్చాక గాని అసలు భయం పట్టుకోలేదు. సాయంత్రం మలుపు తిరగగానే వినిపించే ఆ మిషను చప్పుడు లేని ఇంటికి తాను వెళ్ళలేడు. తాళం తీసి, చీకటి గదిలోకి చూసి, ఏం చెయ్యాలి?

లిఫ్టులో సలహాలకేం కరువు. కానీ లిఫ్టు సలహాలతో వచ్చిన చిక్కేమిటంటే, అవి ఎప్పుడూ సగమే ఉంటాయి. అకౌంట్స్ గుమాస్తా రెండో అంతస్తు దాకా బయటి చల్లగాలిని లోపలికి లాగే ఫ్యానే కొనాలని బల్లగుద్ది చెప్పి, “ఒక్క సందర్భంలో తప్ప” అంటూ దిగిపోయాడు. మూడో అంతస్తు పళ్ళ డాక్టరమ్మ వేడిగాలిని బయటికి తోసేదే మేలంది. “కాకపోతే అందులో ఒకటే ప్రమాదం ఉంది…” అంది. తలుపు తెరుచుకుంది. పేషెంటు ఎదురొచ్చాడు. ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ ప్రమాదమేమిటో తెలియక ఆయన బుర్ర వేడెక్కిపోయింది. ఫ్యాన్ పేలుతుందా? కిటికీ ఊడిపోతుందా? నాలుగుకు వెళ్ళాల్సినవాళ్ళను ఐదులో దింపాడు, ఐదువాళ్ళను కిందికే తీసుకొచ్చాడు. సాయంత్రం డాక్టరమ్మ దిగేటప్పుడు ప్రాణం ఉగ్గబట్టుకుని అడిగాడు. “ప్రమాదమా? నేనన్నానా?” అని ఆవిడ ఆశ్చర్యపోయి, ఎందుకైనా మంచిదని పళ్ళు రోజుకు రెండుసార్లు తోముకోమంది.

శనివారం మధ్యాహ్నం సెలవు పెట్టి కొట్టుకు బయలుదేరాడు. కిటికీని ఆయన కొలిచాడు పాపం. భార్య దారాలపెట్టెలోంచి ఎర్రదారం ఒక కొలతకు, పచ్చదారం ఒక కొలతకు తెంపి జేబులో వేసుకున్నాడు. కొట్టతను ఆ రెండూ చేతిలోకి తీసుకుని, “ఇందులో పొడవేది, వెడల్పేది?” అని అడిగాడు. ఆయనకు గుర్తులేదు.

“పోనీ, కిటికీ నిలువుగా ఉంటుందా అడ్డంగా ఉంటుందా?”

ఇన్నేళ్ళు ఆ ఇంట్లో తిని పడుకున్న మనిషి తెల్లముఖం వేశాడు. కిటికీ ఆయన కళ్ళ ముందుకు రావడం లేదు, దాని ముందు కూర్చున్న భార్యే వస్తోంది. వెలుతురుకు సూది ఎత్తి దారం ఎక్కిస్తుంటే ఆవిడ మోచేతులు రెండు పక్కలా చట్రాన్ని దాటి కనబడతాయి. తెర సర్దాలంటే మునివేళ్ళ మీద లేస్తుంది. “నిలువు” అన్నాడు, తనకు ఎలా తెలిసిందో తనకే తెలియకుండా.

“అయితే ఇది తేలింది. ఇక గాలి లోపలికి రావాలా, బయటికి పోవాలా?”

“మీ ఇష్టం.”

“నా ఇష్టమైతే రెండూ కొనుక్కెళ్ళండి” అని కొట్టతను నవ్వాడు. తర్వాత కొంచెం జాలిపడి, ఎటు మీట నొక్కితే అటు తిరిగే ఫ్యాన్ ఒకటి దింపి చూపించాడు. కాసేపు లోపలికి, మనసు మారితే బయటికి. మీ ఇష్టం దాన్ని చాలాసేపు చూశాడు. అచ్చం తన తోడబుట్టినదానిలాగే ఉంది. అంతలోనే గుబులు పుట్టింది. దీన్ని తీసుకెళితే వేసవంతా ఆ మీట దగ్గర నిలబడి ఇటా అటా అని భార్యను అడుగుతూ ఉండాల్సిందే. ఆవిడ మళ్ళీ ‘మీ ఇష్టం’ అంటుంది.

కళ్ళు మూసుకుంటే మళ్ళీ ఆ గదే. బల్ల మీద జారుడు బట్ట పరిచి, కత్తెర అందుకునే ముందు ఆవిడ చేసే మొదటి పని పై ఫ్యాన్ ఆపడం. బట్ట ఎగిరితే కత్తెర తప్పుతుందట. ఎంత ఉక్కపోసినా చెమట మోచేత్తో తుడుచుకుంటూ అలాగే కత్తిరిస్తుంది. కిటికీలోంచి గాలి కొడితే ఇక దాన్నీ ఆపేసుకుంటుంది.

“బయటికి తోసేది ఇవ్వండి” అన్నాడు. అన్నాక భయపడి చుట్టూ చూశాడు.

పనివాడు వచ్చి బిగించి వెళ్ళేసరికి ఆదివారం పొద్దెక్కింది. ఆ వెనకే బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. అందులోంచి వదిన దిగింది. స్విచ్ వేస్తే ఫ్యాన్ బ్రహ్మాండంగా తిరిగింది, చప్పుడుకు లోటు లేదు. వదిన దాని ముందు అరచెయ్యి పెట్టి చూసింది, చీరకొంగు పట్టి చూసింది.

“గాలేదీ మరిదీ? ఇది వీధికి విసురుతోందా ఏం?”

“బయటికి పోయేది వదినా. లోపలి వేడి పోతుంది.”

“పోయిందా మరి?”

పోలేదు. గది గదిలాగే ఉడుకుతోంది. భార్య మిషను ముందు కూర్చుని కొంగుతో విసురుకుంటోంది, అదింకా కష్టంగా ఉంది. గుమాస్తా మాటే వినాల్సింది కాబోలు. ఆ ఒక్క సందర్భం ఇది కాదేమో? లేక డాక్టరమ్మ చెప్పకుండా పోయిన ప్రమాదం ఇదా? మార్చుకొచ్చేస్తాను అనబోయి, కాలు నిలవక వంటింట్లోకి వెళ్ళాడు. అక్కడ దుమ్ముకు భయపడి ఎప్పుడూ మూసి ఉంచే కిటికీ ఉంది. బయటికి పోయిన గాలి స్థానంలోకి ఇంకోటి రావాలంటే ఎక్కడినుంచి వస్తుంది? అది ఆలోచనో, కంగారో ఆయనకే తెలియదు. గడియ తీసి తలుపులు రెండూ తోశాడు.

తిరిగి వచ్చేసరికి వెనక గది నేలమీద దారపు ముక్కలు గుమ్మం దగ్గరనుంచి మెల్లగా పాకుతూ మిషను కాళ్ళ దాకా వెళుతున్నాయి. బల్ల మీద పరిచిన బట్ట మాత్రం కదలలేదు. భార్య మెడ మీది చెమట తడుముకుని, ఆ బట్ట వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది.

“బట్ట ఎగరకూడదని ఇది తెచ్చారా?”

ఆయన తల ఊపాడు.

“నేను ఫ్యాన్ ఆపుకుంటానని మీకు తెలుసా?”

“తెలుసు.”

బండివాడు లోపలికి తొంగిచూసి మిషను ఎత్తమంటారా అని అడిగాడు. “ఇప్పుడు చెప్పండి” అంది ఆవిడ భర్తతో. “వెళ్ళనా?”

ఆయనకు దిక్కుతోచలేదు. ఫ్యాన్ పెట్టాడు, గాలి వచ్చింది, ఇంకా ఈ ప్రశ్న ఎందుకు మిగిలిందో అర్థం కాలేదు. అలవాటుగా పెదవులు ‘నీ’ అన్నంతవరకు వెళ్ళి ఆగిపోయాయి. వదిన చూస్తోంది, బండివాడు చూస్తున్నాడు.

“వెళ్ళొద్దు. నాకు ఇష్టం లేదు.”

వదిన ఏదో అనబోయి, చెల్లెలి ముఖం చూసి బండివాడి వైపు తిరిగింది. భార్య సూదికోసం వెతుకుతున్నట్టు తలొంచుకుని మిషను బల్ల తడిమింది.

“ఆ మాట మొన్ననే అనుంటే ఆ ఉక్కలోనే కూర్చునేదాన్ని కదండీ” అంది.