డిక్కీలో దాచిన జోడీ

2003 మార్చి. గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్ళే రోడ్డు మీద నాకు టైర్ల దుకాణం ఉండేది. దుకాణమంటే పెద్దగా ఊహించుకోకండి. ముందు రేకుల పందిరి, వెనక గాలి కొట్టే కంప్రెసర్. అది మొదలైందంటే మూడు వీధుల అవతల పెళ్ళిచూపుల్లో మాటలు ఆగిపోయేవి. మిరప సీజన్‌లో గాలి ఎంత ఘాటుగా ఉండేదంటే, నేను గాలి కొట్టి పంపిన టైరు ఎక్కడ పంక్చరైనా దారిన పోయేవాళ్ళు తుమ్మేవారు.

సుశీల టీచర్ గారు అక్కడికి పది కిలోమీటర్ల దూరంలోని ఊళ్ళో లెక్కలు చెప్పేవారు. ఆవిడకో పాత తెల్ల మారుతి ఉండేది. తనే నడిపేవారు. ఆ హారన్ వింటే ఊళ్ళో గేదెలు సైతం వరసలో నిలబడేవని చెప్పుకునేవారు. పదో తరగతి పరీక్షలకు కూలీల ఇళ్ళ ఆడపిల్లలు నలుగురిని రోజూ ఆ కారులోనే గుంటూరు బ్రాడీపేటలోని పరీక్షా కేంద్రానికి తీసుకొస్తున్నారు. ఉన్న ఒక్క ఉదయం బస్సూ తప్పిపోతే వాళ్ళకు మరో దారి లేదు.

లెక్కల పరీక్షకు ముందురోజు ఆవిడ మా పందిరి కిందకొచ్చారు. నలుగురిలో కరుణ అనే పిల్లను చివరి పత్తి తీతకు ఇంట్లోవాళ్ళు చేనికి తీసుకుపోయారట. టీచర్ గారు పక్క చేలోంచి కారును ఆ చేనిదాకా తోలి పిల్లను ఎక్కించుకొచ్చారు. ఆ పక్క చేలో కట్టె కొట్టేసిన పత్తి మోళ్ళు ఉంటాయి చూడండి, బల్లేలు వాటి ముందు దిగదుడుపు. ఎడమవైపు ముందు టైరు సైడ్‌వాల్‌లో, అంటే టైరు పక్క గోడలో, ఒకటి దిగిపోయింది. దానికి అతుకు పనికిరాదు. ఆవిడ డిక్కీలోని స్టెప్నీ, అంటే అదనపు చక్రం, వేసుకుని వచ్చారు.

"ఒక్క కొత్త టైరు చాలు సుబ్బారావు గారూ. తొందరగా కానివ్వండి, పిల్లలు రివిజన్‌కి కూర్చుని ఉన్నారు."

కానిచ్చాను. కొత్త టైరు ఎడమవైపు ముందు బిగించాను. తీసిన స్టెప్నీని తుడిచి డిక్కీలో పడుకోబెట్టాను. మా ప్రాంతంలో స్టెప్నీ అంటే బీరువాలో పట్టుచీరే. అవసరానికి కట్టాలి, ఇంటికి రాగానే మడత పెట్టాలి. అది వాడిన టైరంటే కారు కంపెనీవాడైనా నమ్మడు. ట్రెడ్, అంటే నేలను పట్టుకునే గాడులు, అంత నిండుగా ఉంది. కుడివైపు ముందు టైరు సంగతి వేరు. మా తాతగారి నడినెత్తికీ దానికీ తేడా లేదు.

ఒకే యాక్సిల్ మీద, అంటే ఒకే ఇరుసుకు, ఒకవైపు కొత్తది, మరోవైపు అరిగింది ఉండకూడదని నాకు తెలుసు. బ్రేకు నొక్కితే పట్టున్నది నేలను పట్టుకుంటుంది, నున్నటిది జారుతుంది, కారు పట్టున్నవైపు లాగేస్తుంది. తెలుసు. చెప్పలేదు. ఆవిడ ఒక్కటే అడిగారు, నేను ఒక్కటే అమ్మాను.

మర్నాడు పొద్దున ఎనిమిది కాకముందే ఫోను మోగింది. దారిలోని కిరాణా కొట్టు రూపాయి బిళ్ళ ఫోను నుంచి టీచర్ గారు.

"సుబ్బారావు గారూ, కారు నా మాట వినడం లేదు. పిల్లలున్నారు. ఒక్కసారి వస్తారా?"

నా స్కూటరు ఆరోజు విమానమైంది. నాలుగు కిలోమీటర్ల అవతల చూద్దును కదా, మారుతి ముక్కు రోడ్డు అంచున ఎండబోసిన మిరపకాయల్లో దూరి ఉంది. మంచినీళ్ళ ట్యాంకరు కారుస్తూ పోయిన తడి మీద గేదె అడ్డొస్తే ఆవిడ బ్రేకు వేశారు. కారు ఒక్కసారిగా ఎడమకు లాగేసింది. ఎవరికీ గీత పడలేదు గానీ నలుగురు పిల్లలూ తుమ్ములే తుమ్ములు. ఆ తుమ్ములకు అమరావతిలో పావురాలు లేచిపోయి ఉంటాయి.

"సైన్ స్క్వేర్ ప్లస్... హాఛ్!... టీచర్, మర్చిపోయాను టీచర్!" అని కరుణ ఏడుపు.

"ముందు తుమ్మెయ్. తరవాత అదే గుర్తొస్తుంది," అన్నారు టీచర్ గారు.

కాయల రైతు కోటయ్య కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, ఎవడ్రా నా కాయల్లో..." అంటూ వచ్చి ఆవిణ్ణి చూసి కర్ర వెనక్కి దాచుకున్నాడు. "మీరా టీచరు గారూ! దెబ్బలేం తగల్లేదు కదమ్మా? కాయలదేముంది, ఏరుకుంటాం." తిట్టడానికి పీల్చిన ఊపిరి వృథా పోకుండా నావైపు తిరిగాడు. "ఏవయ్యా, చూస్తావేం? పట్టు!"

ఇద్దరం కారును వెనక్కి తోశాం. టీచర్ గారు ఖాళీ కారును ఆ తడి మీద కాస్త దూరం నడిపి బ్రేకు వేసి చూపించారు. మళ్ళీ ఎడమకే.

"బస్సు పోయింది. తొమ్మిదిన్నరకు పరీక్ష. కానీ ఈ బండిలో వీళ్ళను ఎక్కించను," అన్నారు. కారు దిగి తాళాలు నా చేతిలో పెట్టారు.

నేను డిక్కీ తెరిచాను. నిన్న నా చేతులతో నేనే పడుకోబెట్టిన స్టెప్నీ అక్కడే హాయిగా నిద్రపోతోంది. కొత్తదానికి సరిజోడు. కుడివైపు నున్నటి టైరు తీసి దాని చోట స్టెప్నీని బిగించాను. పది నిమిషాలు పట్టింది. ఆవిడ మళ్ళీ నడిపి ఆ తడి మీదే బ్రేకు వేశారు. కారు గీత గీసినట్టు తిన్నగా నిలబడింది.

తొమ్మిదింబావుకు నలుగురూ గేటు లోపలున్నారు. స్కూటరు మీద వెనకే వెళ్ళిన నేను ఎదురు బడ్డీలో టీ తెప్పించాను. ఆవిడ గ్లాసు ముట్టుకోలేదు.

"ఒక్క మాట అడుగుతాను. ఇలా అవుతుందని నిన్న మీకు తెలుసా?"

అబద్ధానికి నోరు తెరిచాను గానీ లెక్కల టీచరు ముందు అది బయటికి రాలేదు. "తెలుసండి."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదండీ."

ఆవిడ నన్ను తిట్టలేదు. వెనక బెంచీ పిల్లవాణ్ణి చూసినట్టు చూశారు. "మా పిల్లలూ అడగరండి. ఏది తెలియదో తెలిస్తే కదా అడిగేది! అడిగినవాళ్ళకే చెప్పాలంటే ఇక నేను బడికెందుకు?"

అప్పుడు టీ తాగారు.

నలుగురూ పాసయ్యారు. టీచర్ గారు ఆ తరవాత కూడా నా దగ్గరికే వచ్చారు. వేరే దుకాణం చూసుకుని ఉంటే నేను అనగలిగింది ఏమీ లేదు. ఆవిడ నలుగురిలో పెట్టి నన్ను దులిపేసి ఉంటే సాయంత్రానికి మర్చిపోయేవాణ్ణి. మెల్లగా అడిగారు కాబట్టి ఇన్నేళ్ళయినా చెవిలోనే ఉంది. ఆవిడకు ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

అప్పటినుంచి ఎవరొచ్చి ఒక్క టైరు అడిగినా ముందు డిక్కీ తీయిస్తాను. నాలుగు చక్రాలూ తడిమి, దేనికి ఏది జోడో, ఎందుకో, అడగకపోయినా చెబుతాను. కొందరు విసుక్కుంటారు. "టైరు కోసం వచ్చామా, ట్యూషన్‌కి వచ్చామా?" అంటారు.

"ట్యూషన్‌కేనండి. ఫీజు సుశీల టీచర్ గారు ఎప్పుడో కట్టేశారు, కూర్చోండి," అంటాను.