పదకొండో మంచం

కోవిడ్ వచ్చిన మొదటి ఏడాది, ఒక ఉదయం రైల్వే వర్క్‌షాప్‌లో నాకు డీజిల్ వాసన తెలియలేదు. పాతికేళ్లుగా ఫిట్టర్‌ని. నూనె గుడ్డ ముక్కుకు ఆనించుకున్నాను. ఏమీ లేదు. సాయంత్రానికి జ్వరం.

స్వాబ్ టెస్ట్ పాజిటివ్. న్యూ సెటిల్‌మెంట్ కాలనీలోని మా క్వార్టర్‌కు వ్యాన్ వచ్చింది. తెల్ల తొడుగుల్లో ఇద్దరు, ముఖాలు కనపడవు. నా భార్య పార్వతిని లోపలే ఉంచి తలుపుకు అడ్డంగా వెదుళ్లు కట్టేశారు. ఆర్డర్ కాగితం చూపించమన్నాను.

"కాగజ్ తర్వాత, దాదా. ఇప్పుడు రూల్స్ అన్నీ బంద్," అన్నాడొకడు.

మూసేసిన బడిలో ఐసొలేషన్ వార్డు. ఫోన్లు తీసేసుకున్నారు. పేరుతో పిలిచేవారు కాదు, మంచం నంబరుతోనే. నాది పదకొండు. పన్నెండులో ఝపటాపూర్‌లో ఉండే సూరన్న గారు, రిటైరైన రైలు గార్డు. ఊపిరాడక అవస్థ పడుతుంటే కిటికీ పక్కనున్న నా మంచం ఆయనకిచ్చి నేను పన్నెండుకు మారాను. సిస్టర్‌కి చెప్తే తలూపింది.

మర్నాడు డాక్టర్ గుమ్మంలోంచే, "ఎలెవన్, ఆక్సిజన్ సాచురేషన్ డౌన్," అన్నారు. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి ఆ మంచం ఖాళీ. దుప్పటి కూడా లేదు.

"నేను పదకొండు," అన్నాను సిస్టర్‌తో.

"ఠీక్ హై, ట్వెల్వ్," అంది.

వారం తర్వాత రిపోర్ట్ నెగటివ్ వచ్చింది. డిశ్చార్జ్ చీటీ మీద సూరన్న గారి పేరుంది. దిద్దమంటే బయటికి నడవమన్నారు.

ఇంటి ముందు వెదుళ్లు తీసేసి ఉన్నాయి. తలుపు తీసిన పార్వతికి బొట్టు లేదు. "ఎవులు? ఎవులది?" అంటూ వెనక్కి జరిగింది. నా చేయి తడిమి కూలబడింది. "పదకొండో మంచం పోనాడని ఫోన్ సేసినారు. మొకం సూడనివ్వనేదు. ఆళ్లే కాల్సేసినారు." నా చొక్కాలన్నీ మూటగట్టి ఉన్నాయి.

ఆ మూట అలాగే వదిలి ఝపటాపూర్‌లో సూరన్న గారింటికి వెళ్లాను. ఆయన కూతురు లక్ష్మి గుమ్మంలో నిలబడి ఉంది. "ఇయాల నాన్నని పంపేస్తన్నామని సెప్పినారు. మీ ఎనకాల వస్తన్నారా బాబాయ్?" అంది, నా భుజం మీదుగా వీధిలోకి చూస్తూ.

చెప్పాల్సింది నేనే. చెప్పాను.

ఇప్పుడు మెట్లెక్కితే కాస్త ఆయాసం, అంతే. మలంచా బజారులో కనిపిస్తే లక్ష్మి ఇప్పటికీ ఆగుతుంది. "ఆళ్లు అట్టుకెల్లి కాల్సేసింది నాన్ననేనా? మీరు సూసినారా?" అంటుంది. చూడలేదు. అదే చెబుతాను.

మళ్లీ ఎప్పుడైనా రూల్స్ లేవంటూ వ్యాన్ వస్తే, ఎక్కే ముందు మీ పేరు, ఇంటి ఫోన్ నంబరు ముంజేతి మీద చెరగని ఇంకుతో రాసుకోండి.