మునిగారి తరఫున

ఆ రోజుల్లో ముక్కూ మొహం తెలియని వాళ్లతో పోట్లాడాలంటే ఇప్పుడున్నంత సదుపాయం ఉండేది కాదు. ఇప్పుడైతే మంచం మీద వెల్లకిలా పడుకుని, ఎక్కడో ఉన్న ఒక పెద్దమనిషికి రాజకీయాల్లో ఓనమాలు రావనీ, భూమి వేడెక్కడం గురించి ఆయన చదివిందంతా చెత్త అనీ, వాళ్లబ్బాయి ఆడే వీడియో గేముల వల్లే లోకం ఇలా తగలడిందనీ టీ చల్లారేలోపు తేల్చి చెప్పేయొచ్చు. నేను రోజూ చేసే పని అదే. "నాన్నా, రిటైరయ్యాక నీకిదో కొత్త జబ్బు" అంటుంది మా అమ్మాయి. కొత్తది కాదమ్మా, ఇరవై ఎనిమిదో ఏట తగులుకుంది, అదీ రైల్వే వారి ఫోను మీద, అంటే నమ్మదు. నమ్మకపోతే పోనీ, జరిగింది మీకు చెబుతాను.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాన్నగారు లోకో షెడ్‌లో ఫిట్టరు. తొంభైల మొదట్లో నేను అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్‌నై, వాళ్లిద్దరి కంటే ఒక మెట్టు పైకెక్కాను. (మెట్టు ఎక్కానన్నది మా అమ్మ. "కుర్సీలో కూకొని జెండా ఊపడవేగా" అన్నది నాన్నగారు.) బిలాస్‌పూర్ నుంచి నాలుగో స్టేషన్‌లో వేశారు నన్ను. ప్లాట్‌ఫారం, రెండు బెంచీలు, ఒక కుళాయి, కనుచూపు మేర పొలాలు, రోజంతా బొగ్గు బండ్లు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ప్రొబేషన్ పూర్తయ్యేదాకా ఒళ్లు దగ్గర పెట్టుకోమని ఇంట్లో అందరూ తలో సారి చెప్పారు. నాకేమో మాట్లాడకపోతే తోచదు.

అక్కడ నాకు దొరికిన తోడు కంట్రోల్ ఫోను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. సెక్షన్‌లో ఉన్న స్టేషన్లన్నిటికీ కలిపి ఒకే తీగ, దాని కొసన బిలాస్‌పూర్‌లో బళ్ల రాకపోకలు నడిపించే కంట్రోలర్ ఉంటాడు. రిసీవర్ ఎత్తితే ఎవరు మాట్లాడేదైనా వినబడుతుంది, బొత్తాం నొక్కితే మనం మాట్లాడేది అందరికీ వినబడుతుంది. ఎవరి మొహం ఎవరికీ తెలియదు. స్టేషన్ పేరు చెబితే చాలు, ఆ మనిషే అనుకుంటారు. బళ్లు నడుస్తున్నంతసేపూ పని మాటలే. మధ్యాహ్నం పూట, ఒక బండి దాటి రెండోది రావడానికి గంట పడుతుందనుకున్నప్పుడు మాత్రం ఎవరో ఒకరు గొంతు సవరించుకునేవారు. సెక్షన్‌లో సగం మంది మనవాళ్లే కనుక సగం తెలుగులో, సగం హిందీలో సభ మొదలయ్యేది. ఛత్తీస్‌గఢీ ఆయనైన కంట్రోలర్ సాబ్ కూడా వారించేవాడు కాదు సరికదా, "అచ్ఛా, ఆజ్ కా టాపిక్?" అని అడిగేవాడు.

ఆ సభకి పెద్ద ఆరో స్టేషన్ మాస్టారు. బిలాస్‌పూర్ కుదుదండ్ పేటలో సొంతిల్లు, పాతికేళ్ల సర్వీసు, మా తెలుగు సంఘానికి కార్యదర్శి. పొద్దున్న రేడియోలో విన్నది మధ్యాహ్నానికి తన సొంత అభిప్రాయంగా చెప్పేవారు కాబట్టి అందరూ రేడియో మాస్టారు అనేవారు. ఆంధ్రాలో ఏ పార్టీ రావాలో, ఎవరు మంత్రి కావాలో ఆయన కచ్చితంగా చెప్పేవారు, నేను కచ్చితంగా ఖండించేవాణ్ణి. (మా ఇద్దరికీ అక్కడ ఓటు లేదు. మా తాతల తర్వాత అక్కడ ఓటు వేసినవాడే మా రెండిళ్లలోనూ లేడు.) పకోడీలు కట్టిచ్చిన కాగితంలో భూమి వేడెక్కుతోందన్న వ్యాసం ఒకటి సగం దొరికి చదివాను. ఆ సగంతోనే, బొగ్గు పొగ వల్లే ఎండలు ముదురుతున్నాయని వాదించాను. రేడియో మాస్టారు నవ్వారు.

"ఏటి బాబూ, బొగ్గింజన్లు పోనాయి కదా. పొగా పోనాది. మరి ఎండెందుకు తగ్గలేదు, సెప్పు."

దీనికి జవాబు వ్యాసం రెండో సగంలో ఉండే ఉంటుంది. ఆ ముక్క వేరే ఎవరి పకోడీలతో వెళ్లిపోయింది.

మూడో తగువు ఆటల గురించి. సదర్ బజార్‌లో వీడియో గేముల కొట్టు ఒకటి తెరిచారు. రేడియో మాస్టారి అబ్బాయి ట్యూషన్ ఎగ్గొట్టి అందులోనే ఉండేవాడు. ఆ యంత్రాలు పిల్లల బుర్ర తినేస్తాయని ఆయనా, బుర్రకి పదును పెడతాయని నేనూ. నా వాదన వెనక శాస్త్రమేమీ లేదు. పై నుంచి ఇటుకలు పడుతుంటే పేర్చుకునే, చేతిలో పట్టే ఆట యంత్రం ఒకటి కొనుక్కుని, డ్యూటీ దిగగానే కళ్లు ఎర్రబడేదాకా ఆడేవాణ్ణి. అంతే.

వాదన ముదిరితే కంట్రోలర్ సాబ్ "చలో, వోటింగ్" అనేవాడు. అప్పుడు ఒక్కో స్టేషనూ "మాస్టారు సెప్పిందే నిజం" అంటూ వెళ్లిపోయేది. సీనియర్ కదా, పైగా సంఘం కార్యదర్శి. నెలల తరబడి నా పక్షాన నేనొక్కణ్ణే. ఇరవై ఎనిమిదేళ్ల వాడికి ఇది ఎంత కడుపుమంటో మీరు ఊహించుకోవచ్చు.

ఎనిమిదో స్టేషన్‌లో ఒకాయన ఉండేవారు. బండి నంబరు, వచ్చిన టైము, వెళ్లిన టైము తప్ప ఆయన నోట మరో మాట ఎవరూ వినలేదు. వోటింగ్‌లో కూడా పలికేవారు కాదు. గర్వమని కొందరు, భక్తి అని కొందరు అన్నారు. మునిగారని పేరు పడిపోయింది. ఒక మండుటెండ మధ్యాహ్నం, వరసగా ఏడు ఓట్లు నాకు వ్యతిరేకంగా పడ్డాక, నాకు పాడుబుద్ధి పుట్టింది. తువ్వాలు మడతపెట్టి రిసీవర్‌కి అడ్డంగా పట్టుకుని, గొంతు బొంగురు చేసి, ఎనిమిదో స్టేషన్ పేరు చెప్పి, "ఆ కుర్రోడు సెప్పిందాంట్లో పస ఉందండీ" అన్నాను.

తువ్వాలు విప్పకుండానే రిసీవర్ చెవికి ఆనించుకున్నాను. అసలు మునిగారు ఇప్పుడు బొత్తాం నొక్కి, అది నేను కాదు అంటే అయిపోయినట్టే. రెండు నిమిషాల తర్వాత ఎనిమిదో స్టేషన్ పలికింది. గూడ్సు బండి నంబరు చెప్పి, దాటిన టైము చెప్పి, పెట్టేసింది.

అక్కడితో మానేసి ఉంటే ఈ కథే లేదు. నేను మానలేదు. మునిగారు డ్యూటీలో ఉన్న పూటలే చూసుకుని (వేరే మాస్టారుంటే వెంటనే కాదంటాడు కదా) వారానికి రెండుసార్లు ఆయనై మాట్లాడేవాణ్ణి. ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. బళ్లకి సంబంధించిన మాట ఇంకొకరి పేరుతో ఎప్పుడూ ఆడలేదు, ఆ మాత్రం జ్ఞానం ఉంది. మిగతా జ్ఞానమే లేదు. నా కంటే మునిగారు బాగా మాట్లాడేవారు. ఆయనది పెద్దవయసని నా ఊహ, అందుకే నిదానంగా, మర్యాదగా, అక్కడక్కడా చమత్కారంగా. అనుమానం రాకూడదని ఒకసారి ఆయన చేత నన్నే చీవాట్లు పెట్టించాను. రేడియో మాస్టారు మెచ్చుకున్నారు. క్రమంగా మునిగారికి ఓట్లు పడసాగాయి. "కుర్రోడిది గోలేగానీ, మునిగారి మాటలో ఇసయం ఉంటాది" అని మూడో స్టేషన్ అన్న రోజు నాకు నిజంగా అసూయ వేసింది. నా అబద్ధానికి వచ్చిన పేరులో నాకు వాటా లేదు.

అయినా నన్ను తొలిచింది అది కాదు. ఆయన ఎందుకు ఊరుకుంటున్నారు? వినడం లేదా? విని నవ్వుకుంటున్నారా? లేక చిట్టా రాసుకుని పైవాళ్లకి ఇవ్వబోతున్నారా? అన్నం తింటూ అదే, ఇటుకలు పేరుస్తూ అదే ఆలోచన.

ఉగాది పది రోజులుందనగా రేడియో మాస్టారు తీగ మీద ప్రకటించారు. ఈసారి సంఘం హాలులో పండగ నాడు చర్చ పెడుతున్నారట, ఎండలు, ఎన్నికలు, వీడియో గేములు, మూడూనట. ఒక పక్క తాను, రెండో పక్క మునిగారు. "వస్తారా మునిగారూ?" అని అడిగారు. నేను తువ్వాలు కోసం తడుముకుంటూనే ఉన్నాను. ఈలోపు తీగ మీద ఎవరో బొత్తాం నొక్కిన చప్పుడు, కాస్త ఆలస్యంగా ఒక గొంతు.

"వస్తాను."

అది నేను కాదు.

తువ్వాలు అక్కడే వదిలేశాను. హాల్లో నిలబడి, ఇన్నాళ్లూ నా పేరు వాడుకున్నవాడు వీడే అంటే, ఖాయం కాని ఉద్యోగం ఖాయంగా పోతుంది. ముందే వెళ్లి కాళ్ల మీద పడదామని రెస్టు రోజున పాసింజరెక్కి ఎనిమిదో స్టేషన్‌లో దిగాను. టిక్కెట్ల కిటికీ వెనక నలభై ఏళ్ల మనిషి, చామనచాయ, మందపాటి కళ్లద్దాలు. ముందు నిలబడ్డ ముసలాయన కోర్బా బండి ఎప్పుడని అడిగాడు. మునిగారు నోరు తెరిచారు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. మెడ నరాలు బిగుసుకున్నాయి. ముసలాయన విసుక్కుని పక్కకి తిరగబోయాడు. మునిగారు చటుక్కున ఒక పలక తీసి టైము రాసి చూపించారు. ఆ పలక, సుద్ద అక్కడ ఎప్పుడూ ఉంటాయని చూస్తేనే తెలుస్తోంది. ఫోనులో రోజూ చెప్పే అరిగిపోయిన మాటలు ఆయనకి తడబడవట, కొత్త మాటకీ కొత్త మనిషికీ నత్తిట. ఇది తర్వాత తెలిసింది.

నా వంతు వచ్చింది. ఆయన నా వైపు చూశారు. క్షమించమని అడగడానికి వచ్చినవాణ్ణి, "బిలాస్‌పూర్‌కి ఒకటి" అన్నాను. జేబులో పాసు పెట్టుకుని టిక్కెట్టు కొన్న రైల్వే ఉద్యోగి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆయన అట్టముక్క టిక్కెట్టు మీద తేదీ కొట్టి ఇస్తూ చిన్నగా నవ్వారు. నా గొంతు పోల్చుకున్నారని అప్పుడు తట్టలేదు. తిరుగు బండిలో నా ఉద్యోగం సంగతి గుర్తు రాలేదు. నాలుగు వందల మంది ముందు ఆయన నోరు తెరిచి నిలబడడమే కళ్ల ముందు కదిలింది. ఆ మనిషిని అక్కడికి లాక్కొచ్చింది నేను. అంత సిగ్గు నా జన్మలో అంతకు ముందు పడలేదు.

ఉగాది సాయంత్రం హాలు నిండిపోయింది. మూడో వరసలో నేను, నా పక్కన అమ్మ, నాన్నగారు. రేడియో మాస్టారు అరగంట మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నారు. తర్వాత మునిగారు లేచారు. చేతిలో పలక లేదు. మైకు ముందు నిలబడి, ఊపిరి పీల్చి, మొదటి అక్షరం దగ్గరే చాలాసేపు ఆగిపోయారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను నేల చూస్తున్నాను. చివరికి మాట వచ్చింది, ముక్కలు ముక్కలుగా.

"ఇన్నాళ్లూ నా తరఫున మాటాడినోడు మూడో వరసలో ఉన్నాడు. ముందు ఆడ్ని సెప్పనీండి."

నాన్నగారు నా వైపు తిరిగారు. ఎలా లేచానో, ఎలా స్టేజీ ఎక్కానో తెలియదు. ఎదురుగా నాలుగు వందల మొహాలు. ప్రతి మొహానికీ రెండు కళ్లున్నాయి. నెలల పాటు ఇద్దరి పేరు మీద మాట్లాడినవాణ్ణి, ఒక్కడి పేరు మీద కూడా నోరు పెగల్లేదు. చాలాసేపటికి నోట్లోంచి వచ్చింది ఒకటే, "హలో కంట్రోల్". హాలు హాలంతా గొల్లుమంది. ముందు వరసలో కంట్రోలర్ సాబ్ పొట్ట పట్టుకున్నాడు. రేడియో మాస్టారి మొహంలో మాత్రం లెక్కలు నడుస్తున్నాయి, ఏ మాట ఎవరిదో ఒక్కోటీ విడదీసుకుంటున్నారు.

మునిగారు నా భుజం మీద చెయ్యి వేసి, పక్కకి జరిపి, మళ్లీ మైకు అందుకున్నారు. ఇరవై నిమిషాలు పట్టింది ఆయనకి నాలుగు మాటలు చెప్పడానికి. ఈసారి ఎవరూ నవ్వలేదు, కదల్లేదు. ఎండల విషయంలో, ఎన్నికల విషయంలో, ఆటల విషయంలో, మూడింట్లోనూ తాను రేడియో మాస్టారి పక్షమేనట. ఆ కుర్రవాడి వాదనలో పస లేదని మొదటి రోజు నుంచీ తన అభిప్రాయమట. అంటే, సెక్షన్ మొత్తం మీద నాకున్న ఒకే ఒక్క మద్దతుదారు నాకు పూర్తిగా వ్యతిరేకి.

సభ అయ్యాక మెట్ల మీద ఆయన్ని పట్టుకున్నాను. చేతులు జోడించాను. పైవాళ్లకి చెప్పరని అర్థమైంది, అయినా నా అనుమానం తీరలేదు. మొదటి రోజే ఎందుకు కాదనలేదండీ అని అడిగాను. ఆయన నిదానంగా, ఆగి ఆగి చెప్పారు.

"నా పేరు సెప్పి ఒక గొంతు ఆగకుండా మాటాడతంటే, ఇనాలనిపించింది బాబూ. తప్పుడు మాటలే అయినా." ఒక మెట్టు దిగి, "తరవాత అనిపించింది, ఎంతసేపు పట్టినా నాది నేనే సెప్పుకోవాల అని" అన్నారు.

నా ఉద్యోగం ఖాయమైంది. (నాన్నగారు మాత్రం మూడు నెలలు నన్ను "హలో కంట్రోల్" అని పిలిచారు.) ఆ తర్వాత మధ్యాహ్నం సభల్లో మునిగారు తన సొంత గొంతుతో మాట్లాడేవారు. ఆయన మొదలుపెడితే సెక్షన్ అంతా చెవి రిసీవర్‌కి ఆనించి ఎదురుచూసేది. మధ్యలో అడ్డుపడడానికి ఎవరికీ మనసొప్పదు కనుక చాలా వాదనల్లో ఆయనే గెలిచేవారు, ముఖ్యంగా నా మీద.

ఇప్పుడు రిటైరైన వాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపుంది. నిన్న మధ్యాహ్నం నేను ఈ ఏటి ఎండల గురించి పెద్ద వ్యాసం ఒకటి పెట్టాను, ఈసారి రెండు సగాలూ చదివే. వెంటనే తెర పైన మునిగారి పేరు, పక్కన 'టైప్ చేస్తున్నారు' అని కనబడింది. ఆయనకి డెబ్భై దాటాయి, ఒక్కో అక్షరం వెతుక్కుని కొడతారు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. నూట పది మంది ఉన్న గ్రూపులో ఒక్కరూ మధ్యలో ఏమీ పెట్టలేదు. నాకు వ్యతిరేకంగానే రాస్తారని తెలుసు. అయినా ఫోను పట్టుకుని కూర్చున్నాను. మా అమ్మాయి వచ్చి టీ చల్లారిపోయింది నాన్నా అంది. ఉండమ్మా, మునిగారు మాట్లాడుతున్నారు అన్నాను.