నీచు మానేసిన ఏడాది

గుండెకు స్టెంటు వేసి ఇంటికి పంపేటప్పుడు విశాఖపట్నం డాక్టరుగారు చెప్పింది ఒకటే ముక్క. "మాంసం తగ్గించండి. మొక్కల నుంచి వచ్చే తిండి తినండి." పక్కనున్న నా భార్య బుద్ధిగా తలూపింది. సాలూరులో ఇంట్లో అడుగుపెట్టగానే, "అయితే తపస్సుకాలం వంటే కదేటి! నాకు రాదేటి?" అంది.

మేం కేథలిక్కులం. పాస్క పండుగకు, అంటే ఈస్టరుకు, ముందు నలభై రోజులు తపస్సుకాలం. అన్నాళ్లూ మా ఇంట్లో నీచు పొయ్యెక్కదు. పేరుకు తపస్సే గానీ, కోడి లేదన్న దిగులు నాలుకకు తెలియకూడదని మావాళ్లు పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. బంగాళదుంప వేపుడు, అప్పడాలు, పులిహోర, సాయంత్రానికి మైదా బోండాలు, ఆదివారం సేమియా పాయసం. మీ తపస్సు కంటే పండుగే చప్పగా ఉంటుందని ఫాదర్‌గారు ఏటా దెప్పుతూనే ఉంటారు.

ఆ ఏడు మా ఇంట్లో తపస్సుకాలం జనవరిలోనే మొదలైంది. పాస్క వచ్చింది, వెళ్లింది. వీధంతా మసాలా వాసన వేసినా నేను పులిహోరే తిన్నాను.

నాది లారీ స్పేరుపార్టుల కొట్టు. వచ్చిన ప్రతివాడికీ నీచు మానేశానని చెప్పేవాణ్ని. అడగనివాడికి ఇంకాస్త వివరంగా చెప్పేవాణ్ని. చెబుతూ చెబుతూ టీలో బిస్కట్లు ముంచుకుని తినేవాణ్ని. పంచదార చెరుకుది, మైదా గోధుమది, పామాయిలు చెట్టుకాయది. ఇందులో ఏదీ మేక కడుపున పుట్టలేదు కదా! ఏ విషయమైనా నాకు తెలుసన్న ధీమా నాకు మొదటినుంచీ ఎక్కువే. ఇంట్లో ఆఖరి మాట ఎప్పుడూ నాదే.

అక్టోబరులో పరీక్షలు చేయిస్తే సుగరు పెరిగింది, నెత్తుట్లో కొవ్వు పెరిగింది, పొట్ట సంగతి చెప్పనే అక్కర్లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదన్నమాట. ఏం తింటున్నారని డాక్టరుగారు అడిగితే మెచ్చుకుంటారనుకుని పూసగుచ్చినట్టు చెప్పాను.

ఆయన నా పరీక్షల కాగితాలు పక్కన పెట్టారు. "మీరు తినేవన్నీ మొక్కలవే. కానీ తెల్లన్నం, మైదా, పంచదార, వేపుళ్లు మనిషిని నిలబెట్టే తిండి కాదు. రాగులు, అదే మన చోళ్లు తినండి, పప్పులు, ఆకుకూరలు, పళ్లు తినండి. అంతగా కావాలంటే చేపముక్క తినండి. ఇలాగే సాగితే మళ్లీ పోటు వస్తుంది. ఈసారి నేనేమీ చేయలేకపోవచ్చు."

"చేప నీచు కదండీ?" అని నా భార్య భయంభయంగా అడిగింది.

"మొక్కా, జంతువా అన్నదొక్కటే కాదమ్మా. అది ఎలాంటిది, ఎలా వండారు, అదీ చూడాలి" అన్నారాయన.

చావు మేక వైపు నుంచి వస్తుందని ఏడాదంతా కాపలా కాస్తే, అది బంగాళదుంప వైపు నుంచి వస్తోందట! ఆ రాత్రి మేమిద్దరం ఏం తిన్నామో గుర్తులేదు. పెద్దగా తినలేదనే అనుకుంటాను.

నవంబరులో సమాధుల పండుగకు పాచిపెంట అవతల కొండమీద మా అక్క ఊరికి వెళ్లాం. అక్కకు డెబ్బై దాటాయి. ఇప్పటికీ కొండ దిగి సంతకు నడిచి వెళ్తుంది. పొద్దున చోడంబలి, మధ్యాహ్నం సామన్నంలో కందిపప్పో కొండ ఆకుకూరో, ఉన్ననాడు ఎండుచేప, చుట్టాలొస్తే పెరట్లో కోడి. ఇక్కడ దొరికిందిరా మందు అనుకున్నాను.

"అక్కా, ఇకమీదట నువ్వు తిన్నదే నేనూ తింటాను" అన్నాను.

"తిను, ఎవులొద్దన్నారు? నాను తిన్నదే మీ బావా తిన్నాడు. ఒక్క కుండలోదే. ఆయనేటయ్యాడు?"

యాభై నిండకుండానే బావ కాఫీతోటలో కుప్పకూలిపోయాడు. గుండె అనే అన్నారు. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. "బావ చుట్ట కాల్చేవాడేమో" అన్నాను.

"మీ బావ సుట్ట ముట్టనేదురా. అడ్డపొగ తాగేది నాను" అని నిప్పు వైపు నోట్లో పెట్టుకున్న చుట్టను తీసి చూపించింది.

డాక్టరుగారి మాట తప్పనడానికి లేదు, అక్కను కాదనడానికీ లేదు. ఆలోచించినకొద్దీ బుర్ర వేడెక్కింది తప్ప దారి కనపడలేదు.

సాయంత్రం సమాధుల దగ్గరకు వెళ్లాం. సున్నం వేసి, బంతిపూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించాక, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి అడ్డాకులో పెట్టడం ఆ ఊరి అలవాటు. బావ సమాధి మీద అక్క వెదురుకొమ్ముల కూర, కాల్చిన ఎండుచేప పెట్టింది. ఏమీ తడుముకోలేదు. పెట్టి, నా భార్య వైపు తిరిగి వేళాకోళంగా, "నీ మొగుడికైతే ఏటెడతావే?" అంది.

నేను నవ్వబోయాను. నా భార్య నవ్వలేదు.

"సచ్చిపోయినోలకేటెట్టాలో అందరికీ తెలుసొదినా. ఈయన బతకాలంటే ఏటెట్టాలో, అది సెప్పు నాకు. పొద్దున లెగిస్తే పొయ్యి ముట్టించడానికి బయమేత్తంది" అని అందరి ముందూ భోరున ఏడ్చేసింది.

నా ప్రాణం గురించి నేను పడుతున్న భయమే నాకు తెలుసు. ఆమె పూటపూటా ఆ భయాన్నే కంచంలో వడ్డిస్తూ బతుకుతోందని నాకు తట్టనే లేదు. ఏదో ఒక ధైర్యం చెప్పాలని నోరు తెరిచాను.

"నాకూ తెలీదే" అన్నాను. పెళ్లయ్యాక ఆమెతో ఆ మాట అనడం అదే మొదటిసారి.