నా మార్కులు నేను చెప్పుకుంటాను

ఆశాజ్యోతి ఇంగ్లీషు తప్పిందని ఆశాజ్యోతికంటే ముందు పద్మనాభం ఊళ్ళో మా వీధంతటికీ తెలిసింది. పాల కేంద్రం దగ్గర నన్ను ఆపి మరీ చెప్పారు. ఆవిడేమో బస్సులో నా పక్కనే కూర్చుని, ఫలితాలు ఎప్పుడొస్తాయోనని గోళ్ళు కొరుక్కుంటోంది. చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మాది పక్కపక్క ఇళ్ళు. రుషికొండలో ఒక కంపెనీ క్యాంటీన్‌లో ఆవిడ బిల్లులు కొడుతుంది, నేను టీ కౌంటర్ చూస్తాను. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక పంతం పట్టి దూరవిద్యలో డిగ్రీకి కట్టింది.

చాటింపు వేసింది ఆవిడ మొగుడు ఎల్లారావే. పోర్టులో లారీ నడుపుతాడు. మంచివాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. కొత్త ఫోన్ కొనుక్కుని పాతది పెళ్ళానికిచ్చాడు. అందులో ఆయన మెయిల్ అలాగే ఉంది, తీసేస్తే ఫోటోలు పోతాయని భయం. యూనివర్సిటీ సైట్‌లో ఆవిడ పాస్‌వర్డ్ కొడితే బ్రౌజర్ దాచమంటావా అని అడిగింది. సరేనంది. అది దాచింది ఆయన ఖాతాలో. ఆయన తన ఫోన్‌లో అదే సైట్ తెరిస్తే పాస్‌వర్డ్ దానంతటదే నిండిపోయింది.

"నా మార్కులు నాను సూడకముందే ఊరంతా సెప్పీసినావేటి?" అని ఆవిడ నిలదీస్తే, "మనోళ్ళకే కదే సెప్పినాను. ఏటైపోనాది?" అన్నాడు. అత్తగారు జోగమ్మ, "ఇంగిలీసు మన ఒంటికి పడదే" అని నవ్వింది. అందరూ నవ్వారు. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు.

క్యాంటీన్‌కి రోజూ వచ్చే ఇంజనీరమ్మాయి హిమబిందు దారి చూపింది.

"బ్రౌజర్‌లో దాస్తే ఆ ఖాతా ఎవరిదో వాళ్ళకీ కనిపిస్తుందాంటీ. పాస్‌వర్డులకని విడిగా యాప్ ఉంటుంది. దానికి మీ ఒక్కరికే తెలిసిన పాస్‌వర్డ్ పెట్టుకోండి. అది మర్చిపోతే మాత్రం ఎవరూ తెరవలేరు."

ఎవరూ తెరవలేరన్న మాటకే ఆశాజ్యోతి మొహం వెలిగింది. సైట్ పాస్‌వర్డ్ మార్చి యాప్‌లో దాచుకుంది. ఇంగ్లీషుకి మళ్ళీ ఫీజు కట్టింది.

పరీక్ష ముందు ఎల్లారావు సంబరంగా వచ్చి, "నీ హాల్ టికెట్ ప్రింట్ తీయించీసినాను" అన్నాడు.

నాకే ఒళ్ళు మండింది, ఇక ఆవిడ సంగతి చెప్పాలా? కొత్త పాస్‌వర్డ్ కొట్టగానే బ్రౌజర్ మళ్ళీ దాచమంటావా అని అడిగిందట, ఈవిడ అలవాటుకొద్దీ మళ్ళీ సరేనని నొక్కేసింది. తలుపుకి తాళం వేసి చెవి గుమ్మానికే తగిలించినట్టయింది.

"ఈ దిక్కుమాలిన ఫోను ఊరుకోదేటి? అడిగిందే అడుగుతాది!" అని ఏడుపు గొంతుతో అరిచింది.

ఈసారి హిమబిందు బ్రౌజర్‌లో దాచిందంతా చెరిపి, ఇక అడగకుండా చేసిపెట్టింది. ఆవిడ పాస్‌వర్డ్ మళ్ళీ మార్చింది. అప్పుడు మొదలైంది ఇంట్లో గోల.

"నా దగ్గర దాపరికమేటే? నానేటి పరాయోడినా?" అని ఎల్లారావు అలిగాడు. మొగుడికి తెలీని తాళమేటని జోగమ్మ దీర్ఘాలు తీసింది.

"దాపరికం కాదు. మంచైనా సెడ్డైనా నా మాట నాను సెప్పుకుంతాను" అని ఆవిడ ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఫలితాలు మధ్యాహ్నం, క్యాంటీన్ కిటకిటలాడే వేళ వచ్చాయి. ఆవిడ ఫోన్ పట్టుకుని స్టోర్ రూములోకి వెళ్ళింది. ఎంతకీ రాకపోతే తొంగిచూశాను. బియ్యం బస్తాల మధ్య నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. మళ్ళీ పోయిందని నాకర్థమైంది. పలకరించకుండా వెనక్కొచ్చేశాను. ముఖం కడుక్కుని వచ్చి బిల్లులు కొట్టింది. ఎవరూ ఫోన్ చేయలేదు, ఎవరూ నవ్వలేదు. బస్సులో తనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంటి గుమ్మంలో ఎల్లారావు, జోగమ్మ కాచుక్కూర్చున్నారు. ఆవిడ చెప్పులు విడుస్తూనే, "ఇంగ్లీషు మళ్ళీ పోనాది. మళ్ళీ కడతాను" అంది.

ఎల్లారావు చెయ్యి అలవాటుగా జేబులో ఫోన్ మీదకి పోయింది.

"ఆగు. అదీ నానే సెప్తాను" అంది. మా ప్రహరీ దగ్గరకొచ్చి వీధంతా వినపడేలా పిలిచింది. "పుష్పా! నాకు ఇంగ్లీషు మళ్ళీ పోనాదే!"

"ఔనేటి?" అన్నాను, అప్పుడే విన్నట్టు.